ప్రతి నవలలోనూ హంతకుడు వ్యాపారే

హంతకుడి పేరు అచ్చులో స్పష్టంగా ఉన్నా, చివరి అధ్యాయంలో అతడే నోరు విప్పి నేరం ఒప్పుకున్నా, 'ఇతడు కాదు' అని తేల్చి చెప్పే పాఠకుడు చెన్నై మహానగరంలో ఒకే ఒక్కరున్నారు. ఆయన పేరు వెంకటాచలపతి. వయసు డెబ్భై నాలుగు. జార్జి టౌన్‌లో ఇంగువ టోకు వ్యాపారం. ఆయన చదివి తిరిగిచ్చిన నవలను ఆరు నెలల తరవాత తెరిచినా చదివేవారికి ఆకలి వేస్తుంది.

రచయిత పట్టుకున్న హంతకుణ్ణి విడుదల చేశాక ఖాళీ అయిన బోనులో ఇంకెవరినో ఒకరిని నిలబెట్టాలి. చలపతి గారి లెక్కలో ఆ ఒకరు ఎప్పుడూ వ్యాపారే. నవలలో నగల వ్యాపారి ఉంటే అతడు, బట్టల వ్యాపారి ఉంటే అతడు. నడిసముద్రంలో ఓడ మీద జరిగిన హత్యకు, ఆ ఓడ బయలుదేరిన రేవులో అరటిపళ్ళు అమ్మినవాణ్ణి ఆయన బాధ్యుణ్ణి చేసిన సందర్భం కూడా ఉంది.

"అతను ఓడే ఎక్కలేదు గదా మామా?" అని ఎవరో అడిగారు.

"ఎక్కలేదని రాసినాడా రచయిత? రాయలా. ఎందుకు రాయలేదో, ఆడుండాది మర్మం."

వాషర్‌మెన్‌పేట్‌లో పాత్రల దుకాణం మీది మేడలో ఉన్న శారదా తెలుగు పఠన మందిరంలో ఆయన నలభై ఏళ్ళుగా సభ్యుడు. అనఘ ఏడాదిన్నరగా కార్యదర్శి. హైకోర్టులో జూనియర్ లాయరుగా ఉన్న ఈ ఇరవై ఆరేళ్ళ అమ్మాయికి, లోకంలోని అన్యాయాలన్నింటినీ తనకు ముప్పై నిండేలోగా సరిదిద్దెయ్యాలని సంకల్పం. వ్యవధి తక్కువ కనుక ఎప్పుడూ తొందరలోనే ఉండేది. మందిరంలో ఒక పాత ఆచారం ఉంది. నెలకొక నవలను సభ్యులందరూ వంతులవారీగా చదవాలి, అభిప్రాయాల పుస్తకంలో రాయాలి, రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి లేచి నిలబడి, రాసినదాన్ని వినిపించాలి. ఆ పుస్తకంలో చలపతి గారి చేతిరాత కనబడితే చాలు, అనఘ కణతలు అదిరేవి.

"నవలకు రచయితే ప్రత్యక్ష సాక్షి, మామయ్యా. ఆయన చెప్పాక ఇంక అప్పీలు లేదు," అని ఆమె ఎన్నోసార్లు వాదించింది.

"ప్రత్యక్ష సాక్షి అబద్ధం చెప్పడా? దినామూ కోర్టుకు పోయొస్తా ఉండావు, నీకు నేను చెప్పాల్నా అమ్మా?" అని ఆయన నవ్వేవారు. "ఈ హంతకుడు కల్తీ సరుకు. ముక్కు కాడ పెడతానే తెలిసిపొయింది. ముప్పాతిక బంక కలిపినాడు."

ఈ నెల నవల పేరు 'నాలుగో మాత్ర'. చీకటి మనసుల లోతుల్లోకి దిగే నేర నవల. ఒకే ఇంట్లో నాలుగు హత్యలు జరుగుతాయి. మనసుకు మందులు వాడుతున్న నీరజ అనే అమ్మాయి అందరికంటే ఎక్కువగా భయపడుతూ ఆ కథ చెబుతుంది. చివరికి నాలుగు హత్యలూ తానే చేశానని గుర్తు తెచ్చుకుంటుంది. సభ్యులు గడగడలాడారు. వసంతలక్ష్మి గారైతే నవల పూర్తయ్యేదాకా వంటింటి కత్తిని బియ్యం డబ్బాలో పాతిపెట్టి, బెండకాయలను చేత్తో తుంచి కూర వండారు.

ఇంతలో ఆ నవల ప్రచురణకర్తల నుంచి ఉత్తరం వచ్చింది: పాఠకుల అభిప్రాయాలు పంపిస్తే రెండో ముద్రణ చివర వేస్తామని. మందిరం పేరు అచ్చులో చూడబోతున్న ఆనందం అనఘకు అరనిమిషమే నిలిచింది. చలపతి గారి అభిప్రాయం కూడా అచ్చవుతుంది కదా! ఆమె వెంటనే తీర్మానం తయారుచేసింది: 'శ్రీ వెంకటాచలపతి గారికి అభిప్రాయాల పుస్తకంలో రాసే హక్కును ఇంతటితో రద్దు చేయడమైనది.' సాక్ష్యాల కోసం బీరువాలోని పాత అభిప్రాయాల పుస్తకాలన్నీ దింపి, ముప్పై ఒక్క అభియోగాలతో ఒక ఫైలు కట్టింది.

సభకు పావుగంట ముందు అక్షయ వచ్చి ఆమె చేతిలో ఒక కవరు పెట్టింది. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనే పనిలో అక్షయ చేరి మూడు నెలలయింది. చేరిన రోజే, ఎవరూ అడగకముందే చెప్పింది: "మనసుకు మందులు వాడుతా ఉండాను. నాలుగున్నరకు మొబైల్ మోగుతుంది. కోపం చేసుకోవద్దండి." అప్పటినుంచి రోజూ నాలుగున్నరకు అది మోగేది, ఆమె అందరి ఎదుటే మాత్ర వేసుకునేది. పది రోజులుగా మోగడం లేదు. ఆమె పుస్తకాల బీరువా వెనక్కి వెళ్ళి వేసుకుంటోంది. అనఘ గమనించింది కానీ ఎందుకని ఆలోచించే తీరిక లేకపోయింది.

"ఏమిటిది?"

"ఈ నెలతో పని నిలిపేస్తానక్కా. అందులో రాసినాను."

"ఎందుకు? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవురూ ఏమీ అనలేదు. సుమ్మా, ఊరికే అంతే."

"సభ కానీ, మాట్లాడదాం," అని అనఘ ఆ కవరును అభియోగాల ఫైలులో దోపింది.

సరిగ్గా నాలుగింటికి సభ మొదలైంది. ముందుగా విశ్రాంత కాంపౌండరు కామేశం గారు లేచి, గొంతు సవరించుకుని చదివారు: "మనసుకు మందులు వాడేవారితో మెలకువగా ఉండాలని ఈ నవల సమాజానికి చేస్తున్న హెచ్చరిక మిక్కిలి శ్లాఘనీయం." వెనక బల్ల దగ్గర అక్షయ, ఎప్పుడో సర్దిన కార్డులను మళ్ళీ సర్దసాగింది.

తరవాతి వంతు చలపతి గారిది.

"నీరజ హంతకురాలు కాదు," అన్నారు ఆయన. "నూట పన్నెండో పేజీలో చక్కెర తూచి ఇచ్చినోడుండాడే, వాడు."

సభ గొల్లుమంది. "వాడికి ఉన్నది ఒక్క వాక్యమే కదయ్యా!" అన్నారు కామేశం గారు.

"అదే చెప్తా ఉండా. ఒక్క వాక్యంలో వచ్చి, నాలుగు ప్రాణాలు తీసి, అదే వాక్యంలో బయటికి పొయినాడంటే ఎంత తెలివైనోడో చూడండి! ఆ పిల్ల మందులు టయానికి వేసుకుంటా ఉండాది. టయానికి మందేసుకునే మనిషి బాగుపడాలనుకునే మనిషి. చంపేవాళ్ళకు అంత శ్రద్ధ ఏడుంటుంది?"

అనఘ లేచి నిలబడింది. తొలి కేసు వాదించిన నాడు కూడా ఆమె ఇంత సిద్ధంగా లేదు.

"అధ్యక్షా, ఇది ఒక్కనాటి పొరపాటు కాదు, అలవాటు పడిన నేరం. అభియోగం ఒకటి. తొమ్మిదేళ్ళ కిందటి నవలలో హంతకుడు కాపలావాడు. వీరు రాసినది వినండి: 'కాపలావాడు నిర్దోషి. దినమంతా నిలబడి కాళ్ళు పీకే మనిషి పరుగెత్తి ఎట్ట పొడుస్తాడు? పొడిచినది పాల వ్యాపారి.'"

సభ్యులు నవ్వుతుండగా, వాకిలి దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ నాగప్పన్ లేచి నిలబడ్డాడు. "నేను ఈడ పనిలో చేరిన నెల గదమ్మా అది? కథ చదివినారు, అందరూ తలకాయ తిప్పి నన్నే చూసినారు. చలపతి ఐయా కాదన్న తరవాతనే నాకు టీ దిగింది."

"అది అప్రస్తుతం," అంది అనఘ. "అభియోగం రెండు. పిల్లలకు విషం పెట్టిన సవతి తల్లిని వదిలేసి, వీధిలో గాజులమ్మేవాడి మీద నేరం మోపారు."

"మా పెండ్లయిన నెలది," అన్నారు వసంతలక్ష్మి గారు మెల్లగా. "మా ఆయన మొదటి భార్య పిల్లలిద్దరూ ఆ రోజు నా పక్కనే కూర్చోనుండారు. కథ వింటా వింటా పెద్దది నా చెయ్యి వదిలేసింది. గాజులోడని మామ చెప్పినాక మళ్ళీ పట్టుకునింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తొందరలో ఉన్న అనఘ మాత్రం మూడో కాగితం తీసి సగం చదివేసింది: "'విశ్రాంత కాంపౌండరు ఏ పాపమూ ఎరుగడు. ముప్పై ఏళ్ళు మందు కొలిచి పోసిన చెయ్యి విషం...'"

ఆమె కాగితం దించింది. సభలోని చూపులన్నీ కామేశం గారి వైపు తిరిగాయి. ఆయన కళ్ళద్దాలు తీసి అంగవస్త్రంతో తుడవడం మొదలుపెట్టి, చాలాసేపు తుడిచారు.

ప్రాసిక్యూషన్ దాఖలు చేసిన పత్రాలే ముద్దాయిని నిర్దోషిగా నిరూపించడం అనఘ తన చిన్న వృత్తిజీవితంలో ఎన్నడూ చూడలేదు. ఫైలులో ఇంకా ఇరవై ఎనిమిది అభియోగాలున్నాయి. వాటి మధ్య ఒక కవరు ఉంది. అక్షయ ఎందుకు మానేస్తానందో, పది రోజులుగా ఆ మొబైల్ ఎందుకు మోగలేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఫైలు మూసింది.

"మరి వ్యాపారి ఏం చేశాడు మామయ్యా? ప్రతిసారీ అతనే ఎందుకు?"

చలపతి గారు ఇబ్బందిగా కదిలారు. "ఎవురో ఒకరు బోనెక్కాల గదమ్మా. ఈ సభలో వ్యాపారం చేసేది నేనొక్కణ్ణే. నొచ్చుకుంటే నేను నొచ్చుకోవాల. నాకు అంత సులువుగా నొప్పి తగలదు." అంతలోనే, తనను ఎవరో మంచివాడనుకుంటున్నారని అనుమానం వచ్చి గొంతు పెంచారు. "అయినా ఆ చక్కెరోడి మీద నాకు నిజంగానే డౌటుండాది! కండిప్పా, నూటికి నూరుపాళ్ళు వాడే!"

కామేశం గారు అభిప్రాయాల పుస్తకం తన ముందుకు లాక్కుని, తాను రాసిన శ్లాఘనీయమైన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద రాశారు: 'చక్కెర వ్యాపారి.' ఆ తరవాత పుస్తకం చేతులు మారుతూ పోయింది. ఆ వారమే పంతొమ్మిది అభిప్రాయాలు ప్రచురణకర్తలకు వెళ్ళాయి. పంతొమ్మిదింటిలోనూ దోషి చక్కెరవాడే. వారి నుంచి ఇంతవరకు జవాబు లేదు.

పుస్తకం ఇంకా చేతులు మారుతుండగానే అక్షయ అనఘ దగ్గరికి వచ్చింది. "అక్కా, ఆ కవరు ఒకసారి ఇస్తావా? అందులో తప్పుండాది."

"ఎక్కడ?"

"మొత్తం."

కవరు చేతికి తీసుకుని, ఆమె మొబైల్ తెరిచి ఏదో సవరించింది. నాలుగున్నరకు అది మేడ అదిరేలా మోగింది. ఎవరూ తల తిప్పలేదు. కామేశం గారు మాత్రం లేచి, కూజాలోంచి గ్లాసులో నీళ్ళు వంచి, కొలిచినట్టుగా అంచు వరకు నింపి, ఆమె ముందు పెట్టారు.

మరుసటి నెల వచ్చిన నవలలో హంతకురాలు ఒక యువ న్యాయవాది. న్యాయస్థానాలు ఆలస్యం చేస్తున్నాయని విసిగి, తీర్పులను తానే అమలు చేస్తుంటుంది. అనఘ చివరి అధ్యాయం ముగించి నవల మూసింది. పరిచయమైన ఇంగువ వాసన సోకి, పక్కనున్న అభిప్రాయాల పుస్తకం తెరిచింది.

'లాయరమ్మ కాదు. ఇంత తొందర మనిషి ఏడు హత్యలను ఇంత ఓపికగా చేయజాలదు. అరవై ఒకటో పుటలో గొడుగు అమ్మినవాణ్ణి విచారించవలెను.'

అనఘ కలం తీసి, ఆ కిందనే తన గుండ్రటి అక్షరాలతో రాసింది: 'కార్యదర్శి సమ్మతి. గొడుగులవాడికి బెయిలు ఇవ్వరాదు.'