మిల్లు మోతకు నిద్రపోయే పిల్ల

దాగుడుమూతలు ఆడుతూ మా చిన్ని ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నన్ను చూసి నవ్వింది. "అమ్మా, నువ్వు మసకైపోయినవ్!" నేను నవ్వలేకపోయాను. రెండో కన్ను మూయమన్నాను. "ఇప్పుడు మంచిగ కనబడ్తున్నవ్" అంది.

మర్నాడే కోదాడ నుంచి సూర్యాపేట కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కన్ను చూసి, గౌను పైకెత్తి వీపు మీది గోధుమరంగు మచ్చలు లెక్కపెట్టారు. ఆరేళ్లుగా మేం పుట్టుమచ్చలని మురిసిపోయినవే అవి. హైదరాబాద్‌లో పరీక్షలు చేసి ఎన్ఎఫ్ వన్ అన్నారు, జన్యువుల్లో లోపం. మత్తిచ్చి చేసిన ఎంఆర్ఐలో కంటి నరం మీద ట్యూమర్ కనిపించింది.

"చిన్నదే. మూడు నెలలకు మళ్లీ స్కాన్ చేద్దాం. పెరిగితే కీమో" అన్నారు డాక్టర్ మేడం.

కంటికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని, ఆ మూడు నెలలూ దాని తమ్ముడు, నాలుగేళ్ల బబ్లూని అక్క మీద చెయ్యి వేయనివ్వలేదు. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడేవాడు.

రెండో స్కాన్ రోజు మా అమ్మ కారులో నాకు తెలియకుండా చిన్నికి ఇడ్లీ తినిపించింది. మత్తు డాక్టర్ అడగ్గానే చిన్ని చెప్పేసింది. తిన్నాక మత్తు ప్రమాదమంటూ వారం తర్వాత రమ్మన్నారు.

"పిల్ల కడుపు మాడ్సాల్నా? ఒక్క ఇడ్లీయే గదనే!" అంది అమ్మ. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ మోతకు పిల్లలు బెదిరి కదులుతారనే మత్తిస్తారని చెప్పి, మిర్యాలగూడ రైస్ మిల్లులో ఆపరేటర్‌గా చేసే మా నాన్నకు ఫోన్‌లో ఎంఆర్ఐ మోత వినిపిస్తే నవ్వాడు. "మన మిల్లు ముంగట గిదెంత? నువ్వు బీఈడీ చదివేటప్పుడు బస్తాల మీదనే పండేది గద ఇది. మత్తెందుకు?"

మేడంని అడిగితే, కదలకుండా ఉంటే ప్రయత్నిద్దామన్నారు. వారమంతా టేబుల్ కింద చాప వేసి, ఫోన్‌లో ఆ మోత పెట్టి పడుకోబెట్టాం. "కదిల్తే బియ్యంల నూకలొస్తయ్ బిడ్డా" అనేవాడు మా ఇంటికొచ్చి పక్కనే కూర్చున్న నాన్న.

స్కాన్ అయ్యాక టెక్నీషియన్ నవ్వుతూ వచ్చాడు. "పాప నిద్రపోయిందమ్మా, లేపాల్సి వచ్చింది."

"తాతా, నూకలు రాలే" అంది చిన్ని కళ్లు నలుపుకుంటూ.

మేడం పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టారు. "అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే. పెరగలేదు."

"అంతా నా ఇడ్లీ పుణ్యం" అంది అమ్మ. అందరం నవ్వాం.

తర్వాతి రెండు స్కాన్లలోనూ పెరగలేదు. చిన్ని ఇప్పుడు బడిలో ముందు బెంచీలో కూర్చుంటుంది. నేను చెప్పగలిగేది ఒక్కటే: స్కాన్ మోతను పిల్లలకు ఇంట్లోనే అలవాటు చేసి, మత్తు లేకుండా వీలవుతుందా అని డాక్టర్‌ని అడగండి.

ఆ రెండో స్కాన్ మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "అక్క కంట్లోది పెరగలేదు నాన్నా. ఇయ్యాల్టి నుంచి మీరిద్దరూ కొట్లాడుకోవచ్చు."