తాటాకు గొట్టాలు

బ్యూటీ పార్లర్‌లో మా మనవరాలు రెండు చేతులూ నీలంగా వెలిగే చిన్న పెట్టెలో పెట్టి కూర్చుంది. గోళ్ళరంగు ఆరాలట.

"అమ్మమ్మా, ముక్కు దురదగా ఉంది. కాస్త గోకవా?"

గోకాను. అది నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు.

బెజవాడలో మాది మగ్గం ఇల్లు. నా చిన్నప్పుడు, అక్క పెళ్ళయి అత్తారింటికి వెళ్ళేటప్పుడు తన కొంగు పట్టుకుని నేను వదలకపోతే, పెద్దవాళ్ళు బలవంతాన విడిపించారు. తొలి ఆషాఢానికి పుట్టింటికొచ్చిన అక్క, తిరిగి వెళ్ళే రోజు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి పదివేళ్ళకీ గోరింటాకు పెట్టింది. ముద్ద రాలకుండా తాటాకు గొట్టాలు చేసి తొడిగి, మగ్గం నూలుతో గట్టిగా కట్టింది.

"కదిలావంటే పండదు, తెలిసిందా?"

కదల్లేదు. ఇంతలో బావగారు బండి కట్టించుకుని వచ్చారు. అక్క ఎక్కేసింది. వేళ్ళు చాపుకుని అలాగే నిలబడ్డాను. ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి కూడా లేదు.

"అక్కా, ఇవి విప్పవే!" అని అరిచాను. బండి మలుపు తిరిగిపోయింది.

సాయంత్రం నాయనమ్మ నూలు విప్పి, "ఎంత బాగా పండాయే పిల్లా!" అని మురిసిపోయింది.

ఆ గొట్టాలు గోళ్ళ కోసమేనని చాలా ఏళ్ళు నమ్మాను. మళ్ళీ తన కొంగు పట్టుకోవడానికి అక్క నాకు వేళ్ళు మిగల్చలేదు.