సెంటీమీటరుకు ఒక కిలో

నేను బేరమాడి పది సెంటీమీటర్ల పొడుగు సంపాదించిన మనిషిని. వ్యాయామం లేదు, మందూమాకూ లేదు, పావుగంటలో పని పూర్తి. హైటెక్ సిటీలో ఈ ఘనత ఇంకెవరికైనా ఉంటే చెప్పండి, వచ్చి దండ వేస్తాను. ఆ పొడుగు మోయలేక కుదరబోయే పెళ్ళిని కాలదన్నుకోబోయింది కూడా నేనే. ఆ దండ నాకు నేనే వేసుకోవాలి.

చందానగర్‌లో మాది కిరాణా కొట్టు. నాన్నకు కాటానే దేవుడు. గోనె సంచి బరువు తీసేశాకే బియ్యం తూకం చెప్పేవాడు. ఆయన నిజాయితీ నాకు అబ్బలేదు గానీ, సంచి బరువు తీసేయించే విద్య మాత్రం బాగా అబ్బింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆఫీసులో ఆరోగ్య పరీక్షలు పెట్టారు. ఉండాల్సిన దానికంటే పది కిలోలు ఎక్కువున్న వాళ్ళకు మూడు నెలలు క్యాంటీన్లో ఉడికించిన కూరగాయలే గతి అని ముందే చాటించారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను పొట్ట తడుముకున్నాను.

నర్సమ్మది కాకినాడ వైపు. నెమ్మదిగా కొలిచి, నెమ్మదిగానే తీర్పు చెప్పింది. "ఎత్తు నూట అరవై ఆరండి. మగవాళ్ళకైతే అందులోంచి వంద తీసేయాలి. అంటే మీరు అరవై ఆరు కిలోలుండాలి. ఎనభై ఉన్నారు."

"ఆడవాళ్ళకైతే?"

"నూట అయిదు తీసేయాలండి. ఉజ్జాయింపు లెక్కేలెండి."

మగపుట్టుక పుట్టినందుకే అయిదు కిలోల రాయితీ దొరికిందన్నమాట. రాయితీ ఇచ్చే కొట్టులో బేరమాడకుండా వస్తే మా వంశానికే అప్రతిష్ఠ. సంచి బరువుతో మొదలుపెట్టాను. బెల్టు, ఫోను, తాళాలు, మధ్యాహ్నం తిన్న బిర్యానీ, అన్నీ నా బరువెలా అవుతాయని అడిగాను. బిర్యానీ కుదరదంది. మిగతా వాటికి కిలో తగ్గించింది.

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. ఎత్తు ఒక సెంటీమీటరు పెరిగితే ఉండాల్సిన బరువు ఒక కిలో పెరుగుతుంది. అన్నం మానక్కర్లేదు, పరుగెత్తక్కర్లేదు. పిండి కొద్దీ రొట్టె అంటారు. నేను రొట్టె కొద్దీ పిండి చూపిస్తే సరి.

కొలబద్ద వదులుగా ఉందన్నాను. పొద్దంతా కూర్చుంటే వెన్ను కుంగుతుందన్నాను. జుట్టు నాది కాదా అన్నాను. రెండు సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి ఆరుకు, ఆరు నుంచి పదికి తెచ్చాను. వెనక నలభై మంది వరసలో గొణుగుతున్నారు. ఆమె విసిగిపోయి నూట డెబ్బై ఆరు అని రాసింది. "మీరు చెప్పిందే రాశానండి. ఈ పొడుగు మాత్రం మీరే మోసుకోండి" అంది.

మోయాల్సి వచ్చింది. మా అక్క నా బల్ల మీద ఆ కాగితం చూసి, ముచ్చటపడి, పెళ్ళి సంబంధాల వాట్సాప్ గుంపులో పెట్టేసింది. వారంలో మాధవి ఫోన్ చేసింది. కడప అమ్మాయి, నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం. నెల రోజులు మాట్లాడుకున్నాం. షేర్ ఆటోలో పది రూపాయల కోసం ఆమె చేసిన వాదన ఫోన్లో విన్నాక, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలనుకున్నాను. ఒకరోజు ఆమే అంది. "నేను నూట డెబ్బై. కాలేజీలో కొబ్బరిచెట్టు అనేవాళ్ళు. ఎత్తు మడమల చెప్పులంటే నాకు ప్రాణం, ఎప్పుడూ వేసుకోలేదు. మీ పక్కనైతే వేసుకోవచ్చు."

ఆ మాటకు నిజం నా గొంతు దాకా వచ్చి, తిరిగి పొట్టలోకే పోయింది. అక్కడ చోటుకు కొదవ లేదు కదా.

తొలిసారి చూసుకోవడానికి ఆదివారం కొట్టుకే వస్తానంది. పై అరల్లో డబ్బాలు అందుకోవడానికి గల్లా వెనక ఒక చెక్క బల్ల ఉండేది. పొద్దున్నే దాని మీదెక్కి నిలబడ్డాను. ఆమె కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చింది. నన్ను తలెత్తి చూసింది, నవ్వింది. ఆ అయిదు నిమిషాలూ నేను హిమాలయాన్ని.

"శ్రీనూ, గా బియ్యం బస్తా కాటా మీద పెట్టురా" అన్నాడు నాన్న.

వినిపించనట్టు నటించాను. రెండోసారి పిలిచాడు. దిగాను. మంచులా కరగడమంటే ఏమిటో ఆ రోజు చూడాల్సింది మీరు. మాధవి చూపు పైనుంచి జారి, నన్ను దాటిపోయి, మళ్ళీ వెతుక్కుంటూ వచ్చింది.

"నూట డెబ్బై ఆరని రాసుండారు గదా?" అంది మెల్లగా.

"ఏంది నూట డెబ్బై ఆరు?" అన్నాడు నాన్న.

"ఈయన ఎత్తు, అంకుల్."

"గట్లెట్లయితది బిడ్డా? ఇంటర్ కాడనే ఆగిండు వీడు." ప్రతి పుట్టినరోజుకూ కొట్టు తలుపు చెక్కకు నన్ను ఆనించి నిలబెట్టి గీసిన పెన్సిలు గీతలు చూపించాడు. చివరి గీత పక్కన నూట అరవై ఆరు. అంతటితో ఆగితే ఆయన మా నాన్న ఎందుకవుతాడు. నన్ను కాటా ఎక్కించాడు. "ఎనభై ఒకటి. కాటా ముందర కొడుకైనా బస్తయినా ఒకటే."

మాధవి ఇక వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. వచ్చి తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. "నాది గూడా గీయండి అంకుల్."

నాన్న గీశాడు. టేపు పెట్టాడు. నూట డెబ్బై మూడు.

"మూడు తగ్గించి చెప్పినా" అంది తల దించుకుని. "నిజం చెప్తే ఒక్క సంబంధం గూడా ముందుకు రాదబ్బా." తర్వాత నా వైపు తిరిగింది. "నేను మూడుకే భయపడి చస్తాంటే, నువ్వు ఏకంగా పదా?"

అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అంది. బేరం కుదిరిందని అర్థమైంది. ఆ చెప్పులు మళ్ళీ వేసుకోమన్నాను. పెళ్ళి ఫొటోల్లో ఆమె భుజం పక్కన నవ్వుతున్నది నేనే.

ఇప్పుడా కొట్టు లేదు. ఖాళీ చేసిన రోజు నాన్న ఆ తలుపు చెక్క ఒక్కటే ఊడదీయించి తెచ్చాడు. మా వంటింట్లో బిగించాం. ఇప్పుడు దాని మీద మా పాప గీతలు పడుతున్నాయి. పాపది అమ్మ పోలిక, దేవుడి దయ.

దేవుడి ముందు కాకపోయినా, కాటా ముందు నిలబడి ప్రమాణం చేస్తున్నాను. టమాటాల మీద బేరమాడతాను, ఆటో మీద ఆడతాను, ఒంటి మీద మాత్రం ఆడను. ఈ ఉదయం మాధవి దగ్గరుండి తూచిన లెక్క ఇది. ఎత్తు నూట అరవై ఆరు. ఉండాల్సింది అరవై ఆరు కిలోలు. ఉన్నది ఎనభై మూడు. అదనం పదిహేడు. బెల్టు లేదు, ఫోను లేదు, బిర్యానీ ఉంది.