అమ్మ చెవుల్లో గింజలు

బీదర్‌లో నేను వారానికోసారి ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చించుకునే గదిలో స్పిరిట్‌తో తడిపిన దూది వాసన వస్తుంది, అది తగలగానే నొచ్చే భుజం సంగతి మరిచి చింతకి ఊళ్ళోని మా చిన్ననాటి ఇంట్లోకి వెళ్ళిపోతాను. బడిలో తోటి టీచర్లు సూదులన్నీ ఒట్టి భ్రమ అని నవ్వుతారు. భ్రమే అనుకోండి, దాని పుణ్యమా అని రాత్రి నిద్ర పడుతోంది, మీకేం నష్టం అంటాను.

మా అమ్మ ఎస్తేరమ్మకు తలనొప్పి వచ్చిందంటే తలకు గుడ్డ బిగించి కట్టుకుని, తలుపులు మూయించి, గోడవైపు తిరిగి పడుకునేది; పిల్లలం చప్పుడు కాకుండా గోనెసంచి మీద గవ్వలు వేసి పచ్చీసు ఆడుకునేవాళ్ళం. చలికాలంలో ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయల వాసన, దాని వెనకే క్రిస్మస్ కోసం కొబ్బరీ బెల్లమూ కూరి నూనెలో వేయించే గరిజెల వాసన ఇల్లంతా కమ్ముకుంటే మాకు నోరూరేది, అమ్మకు మాత్రం కణతలు పగిలేవి. ఊరి చర్చిలో క్రిస్మస్ పాట ఎత్తుకోవాల్సింది అమ్మే. ఒక ఏడు ఆమె తలనొప్పితో లేవలేకపోతే, ఆమె లేకుండానే పాట అయిపోయింది. ఆ రోజు ఆమె ఏడ్చింది నొప్పికి కాదని నాకు తెలుసు.

మరుసటి ఏడు ఎవరో చెబితే నన్ను వెంటబెట్టుకుని బీదర్ బస్సెక్కింది. గాంధీ గంజ్ బజారు వెనక, పప్పుల దుమ్మూ లారీల హారన్లూ దాటుకుని మెట్లెక్కితే ఒక మేడగది. సూదుల డాక్టరమ్మ అమ్మ చేతులకూ పాదాలకూ వెంట్రుకంత సన్నటి సూదులు పెట్టింది. అమ్మ అక్కడే గుర్రుపెట్టి నిద్రపోయింది. వచ్చేటప్పుడు చెవుల మడతల్లో ఆవగింజంత నల్లటి గింజలు ప్లాస్టర్‌తో అంటించి, నొప్పి మొదలైతే నొక్కుకోమంది. నిజం చెప్పాలి, నొప్పి పూర్తిగా పోలేదు. కానీ అప్పుడప్పుడే వచ్చేది, వచ్చినా లేచి తిరిగేది, జొన్నరొట్టె కొడుతూ కూనిరాగం తీసేది.

క్రిస్మస్ పొద్దున, చర్చికి పెద్దగా ఉన్న మా పెద్దనాయిన గుమ్మం దగ్గరే ఆమె చెవులు చూశాడు.

"గవేంది ఎస్తేరమ్మా? పరాయి దేవుళ్ళ మంత్రాలు చెవులల్ల వెట్టుకొని పాట పాడ్తవా? తీసేస్తెనే ముందట నిలవడు."

"నొచ్చేది నా తలకాయ బావా. మంత్రం లేదు, గింత్రం లేదు. నేను తియ్య."

"అట్లయితె ఎనక కూసో."

"కూసుంట. మరి నా గొంతును యాడ కూసోవెడ్తరు?"

చెప్పులు విడిచే చోట, చంటిపిల్లల తల్లుల మధ్య కూర్చుంది. పాట ఎత్తుకోవాల్సిన వేళకు ముందున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, వెనకనుంచి అమ్మ ఎత్తుకుంది. చర్చి చర్చంతా మెడలు తిప్పింది, డోలక్ ఆ గొంతునే పట్టుకుని నడిచింది. పెద్దనాయిన ఒక్కడే బిగుసుకుని ముందుకు చూస్తూ నిలబడి, చివరి చరణానికి తనూ పెదాలు కదిపాడు. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను.

ఇప్పుడా పెంకుల చర్చి లేదు, డోలక్ పోయి కీబోర్డు వచ్చింది, పెద్దనాయినా లేడు, అమ్మా లేదు. ఎవరి చెవుల్లో ఏముందో చూసే తీరికా ఎవరికీ లేదు. మా టీచర్లు ఇంకా రుజువు అడుగుతూనే ఉన్నారు, పుస్తకాల్లో వెతుక్కోమంటాను. ఆ ఏడు అమ్మ ఎవరో ఏదో అంటారని ఇంట్లోనే ఉండిపోయి ఉంటే, నాకు గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ ఒక్కతే మిగిలేది. ఇప్పుడు నాకు మిగిలింది పాట ఎత్తుకున్న అమ్మ.