వంద దగ్గర ఆగిపోయిన వాన

వీధిలో అందరూ ఆవిడని తుఫాను మేడం అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ వెటకారం బాగా తెలిసినవాళ్ళే. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. తలుపు వేసినా చప్పుడు కాకుండా వేస్తుంది. విశ్వవిద్యాలయంలో మూడో అంతస్తు చివరిగదిలో కూచుని, ఈ ప్రాంతంలో నలభై ఏళ్ళుగా తుఫానులు ఎలా మారుతున్నాయో లెక్క తీయడం ఆవిడ ఉద్యోగం.

"నలభై ఏళ్ళ సంగతి సరేనండీ, రేపు దుప్పట్లు డాబా మీద ఆరెయ్యొచ్చా?" అని అడుగుతారు పక్కింటివాళ్ళు.

"అది వేరే ఆఫీసువాళ్ళు చూస్తారండీ" అంటుంది. ఒక్కసారి మొహమాటానికి పోయి "ఆరెయ్యండి" అంది. మూడిళ్ళ దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. అప్పట్నుంచీ అడగడం మానలేదు గానీ, చెప్పినదానికి సరిగ్గా తిరగేసి చేస్తున్నారు.

వాతావరణం మీద సభ అంటే పారిపోవాలనిపిస్తుంది. భూమిని తల్లి అనకుండా రెండో వాక్యంలోకి వెళ్ళే వక్త దొరకడు. చివర్లో చేతిలో ఒక మొక్క పెట్టి పంపిస్తారు. అది వారంలో ఎండిపోతుంది. మన మేడం ఉపన్యాసంలో తల్లీ ఉండదు, మొక్కా ఉండదు. ఒక గీత ఉంటుంది. ఈ ఊళ్ళో ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ వాన పడిన రోజున ఎంత పడిందో, ఏటికొక చుక్క చొప్పున పెట్టి కలిపిన గీత. నలభై ఏళ్ళలో అది ఒకటిన్నర రెట్లు లేచింది.

తొమ్మిదేళ్ళ పని అది. ఇన్నాళ్ళూ ఆవిడ వ్యాసాలు చదివింది ఆవిడా, వాటిని అచ్చుకి ఒప్పుకున్న ఇద్దరు పెద్దమనుషులూ మాత్రమే. ఈసారి పురపాలక సంఘం ఊళ్ళో వాన కాలవలన్నీ కొత్తగా కట్టాలనుకుంది. వాళ్ళ ఇంజనీరు ఆ 'ఒకటిన్నర' పట్టుకుని గొట్టాల కొలతలు వేసేశాడు. శుక్రవారం సభలో ఆవిడ నాలుగు మాటలు చెబితే ఖాయం చేసేస్తారు. జీవితంలో మొదటిసారి తన మాట మీద ఎవరో భూమి తవ్వబోతున్నారు. ఆ వారం ఆవిడ ఇంట్లో కూనిరాగం కూడా తీసిందని ఆడపడుచు సాక్ష్యం.

ఈ ఆడపడుచు, అంటే ఆవిడ మొగుడి చెల్లెలు, కోర్టులో ఇరవయ్యారేళ్ళు టైపిస్టుగా చేసి ముందే పదవీ విరమణ తీసుకున్న మనిషి. చేతులు ఊరుకోక, వదిన తెచ్చిన ఈ ఊరి ఇరవై రెండేళ్ళ పాత వాన రిజిస్టర్లు భోజనాల బల్ల మీద పరుచుకుని, వాటిలోని రోజువారీ అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. ఆదివారం పొద్దున్న టకటకలాడుతున్న వేళ్ళు ఆగాయి.

"వదినా, మీ వానకి ఎంత మర్యాదో!"

"ఏమైంది?"

"వంద మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఆ పైన గడప దాటదు. నూటొకటి అన్న అంకె ఇరవై రెండేళ్ళలో ఎక్కడా లేదు."

"ఉన్నదున్నట్టు కొట్టవే."

"కొడుతూనే ఉన్నాగా. మా కోర్టులో ముగ్గురు సాక్షులు పొల్లుపోకుండా ఒకే మాట చెబితే జడ్జిగారు కళ్ళజోడు తీసి చూసేవారు. ఇక్కడ పద్నాలుగు మంది చెబుతున్నారు, నువ్వు టీ తాగుతున్నావు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు చోట్ల వంద. సున్నాలు కూడా గుండ్రంగా, తృప్తిగా ఉన్నాయి.

తొమ్మిదేళ్ళలో కనబడలేదా అంటే కనబడలేదు. ఏటికొక్క అంకె మాత్రమే తీసుకున్నది కాబట్టి తొంభై నాలుగు, వంద, ఎనభై ఏడు, వంద అంటూ అవి బుద్ధిమంతుల్లా వరసలో కలిసిపోయాయి. నలభై ఏళ్ళ లెక్క ఉన్న కేంద్రాలు ఈ ప్రాంతంలో మూడే. రెండిటి గీత నెమ్మదిగా లేచింది. ఈ ఊరిదొక్కటే నిటారుగా లేచింది. నిటారుగా లేచింది కాబట్టి అందరికీ ఇదే నచ్చింది, ఆవిడతో సహా.

మర్నాడు ఉదయమే ఆ ఇరవై రెండేళ్ళూ వాన కొలిచిన మనిషి ఇంటికి వెళ్ళింది. ఆయన పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ రోజుల్లో పోస్టాఫీసు పెరట్లోనే వాన కొలిచే పాత్ర ఉండేది. దర్జీ షాపు మీద రెండు గదుల్లో ఉంటున్నాడు. బనీనుతో కూచుని గొడుగు పుల్లలు బాగుచేసుకుంటున్నాడు.

"మాస్టారూ, పెద్ద వాన పడ్డ ప్రతిసారీ వందే రాశారేమిటండీ?"

"మరెంత రాయాలమ్మాయ్? లోపలి సీసాలో పట్టేది వందే."

"పొర్లింది సీసా చుట్టూ ఉన్న పైడబ్బాలోకి వస్తుంది కదండీ. అది కూడా కొలిచి కలపాలి."

"ఆ డబ్బాకి చిల్లు. నేను చేరిన ఏడాదే తుప్పు పట్టింది. పైఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను. పాత డబ్బా పంపిస్తే కొత్తది పంపుతామన్నారు. అది పంపేశాక వాన వస్తే నేను దోసిలి పట్టాలా? పంపలేదు."

"ఇరవై రెండేళ్ళు?"

"వాళ్ళూ పంపలేదుగా!"

ఆయన్ని కోప్పడడానికి ఆవిడకి దారి దొరకలేదు. కళ్ళతో చూసిందే రాశాడు. నేల మింగిన నీళ్ళని ఊహించి రాసి ఉంటే అది అబద్ధమయ్యేది. ఆయన వెళ్ళాక వచ్చిన ఆటోమేటిక్ యంత్రానికి ఏ సీసా హద్దూ లేదు. నూటముప్పై, నూటడెబ్బై పడితే అలాగే రాసుకుపోయింది. అంటే తన గీత నిటారుగా లేచినదాంట్లో సగం వాన, సగం చిల్లు.

"నా పేరు చెడగొట్టకమ్మా. తప్పు డబ్బాది అని రాయి" అన్నాడు మెట్లదాకా వచ్చి. "వాన ఎన్నింటికి మొదలైందో, సీసా ఎన్నింటికి నిండిందో, వాన ఎన్నింటికి ఆగిందో మాత్రం నిమిషంతో సహా వేశాను, చూసుకో. దాంట్లో వంక పెట్టలేవు."

మంగళవారం ఇంజనీరుకి ఫోన్ చేసింది. విషయం విన్నాడు.

"మేడం, పెరిగిందా లేదా?"

"పెరిగింది. ఒకటిన్నర కాదు. మిగతా రెండు కేంద్రాల్ని బట్టి ఒకటింబావు."

"పెరిగిందిగా! ఇంకేం? ఆ డబ్బా సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? పెద్ద అంకె చెబితేనే జనంలో చైతన్యం వస్తుంది."

ఈ చైతన్యం ఒక విచిత్రమైన పదార్థం. కొంచెం అబద్ధం కలిపితే తప్ప ఉడకదని దాన్ని వండేవాళ్ళందరి నమ్మకం. ఆవిడ ఫోన్ పెట్టేసింది గానీ, బుధవారమంతా గదిలో రెండు గీతలూ పక్కపక్కన పెట్టుకుని కూచుంది. నిటారు గీత నిజంగా అందంగా ఉంది. రెండోది, పడుకుని లేవబోతున్న మనిషిలా ఉంది.

"ఏం చేస్తావు?" అని అడిగింది ఆడపడుచు.

"నువ్వు టైపు చెయ్యకుండా ఉండాల్సింది."

"రిజిస్టర్లు తెచ్చి నా నెత్తిన పడేసింది నువ్వు."

శుక్రవారం సభలో ఆవిడ నిలబడి, సీసా, డబ్బా, చిల్లు, ఉత్తరాలు, అన్నీ వరసగా చెప్పింది. ఒకటిన్నర తప్పన్నది, తన తప్పేనన్నది. అధ్యక్షుడు సగం విన్నాక పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. పక్కాయన నవ్వాడు. తరవాత ఆవిడ ఇంకో మాట చెప్పింది. పోస్టుమాస్టరు వేసిన వేళలు చూస్తే, ఆయన కాలంలో వంద నిండడానికి పద్నాలుగు, పదహారు గంటలు పట్టేది. ఇప్పుడు యంత్రంలో అదే వంద నాలుగైదు గంటల్లో పడిపోతోంది. కాలవకి రోజంతా ఎంత పడిందన్నదానికన్నా గంటలో ఎంత పడిందన్నదే ముఖ్యం. కానీ ఇది ఒక్క మనిషి గడియారం. దీన్ని నమ్మి ఊరంతా తవ్వకండి, మిగతా రెండు చోట్లా సరిచూడనివ్వండి అంది.

"అంటే గొట్టం పెద్దది చెయ్యాలా, చిన్నది చెయ్యాలా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇవాళ చెప్పలేనండీ."

ప్రతిపాదన వాయిదా పడింది. 'శాస్త్రవేత్త స్పష్టమైన అభిప్రాయం చెప్పలేకపోయారు' అని సభ కాగితాల్లో రాసుకున్నారు. ఆ రోజు ఆ గదిలో స్పష్టంగా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే. చప్పట్లు మాత్రం ఆవిడ తరవాత లేచి మొక్కలు నాటుదామన్న ఆయనకి పడ్డాయి.

సోమవారం ఇంజనీరు తనే ఫోన్ చేశాడు. గొంతులో కోపం మిగిలే ఉంది గానీ దాని కింద కొంచెం ఆసక్తి కూడా ఉంది.

"ఆ గంటల లెక్క... మా గొట్టాలకి నిజానికి కావలసింది అదేనండీ. ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండు చోట్ల రిజిస్టర్లు తెప్పించాలి. ఏడాది."

"ఏడాదా! అందాకా నేనేం చెయ్యను మేడం?"

"ఉన్న కాలవల్లో పూడిక తీయించండి" అంది ఆవిడ. "దానికి నా పరిశోధన అక్కర్లేదు."

అవతల చిన్న నిట్టూర్పు వినిపించింది. తరవాత, ఎక్కడినుంచి మొదలుపెడితే మంచిదని అడిగాడు. ఆవిడ బల్ల మీది పటం దగ్గరకి లాక్కుని, పల్లం వీధుల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.