పెన్సిల్‌తో వేయని అంకెలు

మొన్న జ్వరమొచ్చి యలహంకలో రక్తపరీక్షకు వెళితే, అక్కడి అమ్మాయి చిన్న ప్లాస్టిక్ బిళ్ల మీద నా రక్తం ఒక చుక్క వేసి, పావుగంటలో గీత వస్తే చెబుతానంది. ఆ పావుగంటా కుదురుగా కూర్చోలేకపోయాను. నాలుగుసార్లు లేచి తొంగి చూశాను, గీత కోసం కాదు, బిళ్ల మీద నా పేరు దేనితో రాసిందో చూద్దామని.

ఎందుకో నా ఈడువాళ్లతోనైతే చెప్పుకోవచ్చు. నా కుర్రతనంలో ఈ ఊళ్లోనే ఒక పరిశోధనశాలలో మా బావ నన్ను గాజుసామాను కడిగే పనిలో చేర్చాడు. ఆదివారాలు గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని సూక్ష్మజీవుల పుస్తకాలు చదివేవాణ్ణి గనుక, కొన్నాళ్లకు పరీక్షల పని కూడా ఇచ్చారు. అప్పట్లో ఆ శాలకు పెద్ద అయిన మా మేడమ్ తులరేమియా మీద పనిచేసేవారు. కుందేళ్ల నుంచీ పిడుదుల నుంచీ మనుషులకు సోకే జ్వరమది. రోగుల సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, పరదేశం నుంచి బొట్లు బొట్లుగా వచ్చేది. చచ్చిన బాక్టీరియా ప్రోటీన్లను విడదీసి కాగితంలాంటి పొర మీదికి ఎక్కించి, పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని ఒక్కొక్కరి సీరంలో నానబెడితే, ఆ రక్తంలోని యాంటీబాడీలు గుర్తుపట్టిన ప్రోటీన్ దగ్గర గీత తేలుతుంది. రోగులందరిలో ఉండి, ఆ జబ్బు ఎరగని వాళ్లలో లేని గీత కావాలి. రోగులు ఆరుగురు, జబ్బు ఎరగని ఆరుగురమూ మేమే, బావా నేనూ తోటివాళ్లూ.

ఏ పట్టీ ఎవరిదో తెలిసేలా వాటి మీద అంకెలు పెన్సిల్‌తో వేయమన్నాడు బావ. ఇంత పెద్ద శాస్త్రానికి బడిపిల్లల పెన్సిలా అని నేను పెన్నుతో ముత్యాల్లా రాశాను. చివరికి పన్నెండు పట్టీలూ ఒకే పళ్లెంలో వేసి కడిగేసరికి గీతలు మిగిలాయి, అంకెలు పోయాయి. గీతలు ఎక్కువున్న ఆరూ రోగులవని, తక్కువున్న ఆరూ మావని నా చదువు నాకు చెప్పింది. అలాగే పెన్సిల్‌తో రాసిచ్చేశాను. రోగుల ఆరింటిలోనూ ఒక లావుపాటి గీత ఉందని మేడమ్ మురిసిపోయి, పరదేశానికి ఉత్తరం మొదలుపెట్టారు.

రెండు రోజులు అన్నం సయించలేదు. గ్రంథాలయంలో పుస్తకం తెరిస్తే అక్షరాల బదులు గీతలే. మూడోరోజు పొద్దున్నే మేడమ్ గది ముందు నిలబడి అంతా చెప్పేశాను.

ఆమె గొంతు పెంచలేదు. "గీతలు చూసి పేర్లు పెట్టేదైతే, ఇంక పరీక్ష చేసేది ఎందుకప్పా?" అన్నారు.

బావ మాత్రం, "మావోడు శానా సదివినాడు మేడమ్, పెన్సిలు పాఠం ఇంకా రాలేదు," అని అందరి ముందూ అన్నాడు.

మిగిలిన సీరం బొట్లతో మళ్లీ చేశాం, పెన్సిల్ అంకెలతో. ఒక రోగి పట్టీ దాదాపు ఖాళీగా ఉంది. ఆ లావుపాటి గీత మిగతా ఐదుగురిలో ఉంది, నా పట్టీలోనూ ఉంది. ఏనాటి ఏ క్రిమి నా రక్తంలో ఆ గుర్తు వదిలిందో ఏ పుస్తకమూ చెప్పలేదు. నన్ను నేనే రోగుల్లో కలిపేశానన్నమాట. ఆ ఉత్తరం వెళ్లలేదు.

మొన్న ఆ అమ్మాయి గీత రాలేదంది. బిళ్ల మీద నా పేరు యంత్రం అచ్చువేసిన చీటీ, నీళ్లకు చెరగదు. మంచిదే. ఇది నా రక్తమేనా అని అడగబోయాను, అప్పటికే ఆమె తరువాతి చీటీ అంటిస్తోంది. నా కాలంలో తప్పు చేయడం తేలిక. చేసినవాడు మూడోరోజు పొద్దున్నే వెళ్లి నిలబడేందుకు ఒక తలుపు కూడా ఉండేది.