స్కూటర్‌కు వారానికి గంట

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న ఆ రోజుల్లో, మా క్యాంపస్ గేటు దగ్గర నిలిచే పోలీసు వ్యాన్లు మా డిపార్ట్‌మెంట్ లైబ్రరీలోని పుస్తకాలకంటే ఎక్కువుండేవి. నేను అక్కడే పాఠాలు చెప్పేవాణ్ణి. కాపురం తార్నాకలో. నా పీహెచ్‌డీ అప్పటికి ఎంత ముదిరిపోయిందంటే, దానికి సంబంధాలు చూడవలసిన వయసొచ్చింది.

థీసిస్ ఎందుకు తెమలడం లేదని నిజాయితీగా ఆలోచిస్తే, వారం వారం తిరిగొచ్చే పనులే నా ప్రాణం తీస్తున్నాయని తేలింది. కూరగాయలు, పేపర్లు దిద్దడం, వారాసిగూడలో పెద్దమ్మను చూసి రావడం. ఒక్కోటి పిడికెడంత పనే, కానీ వదిలేస్తే వారమంతా మేసి త్రేన్చేది. అలాంటివాటికి ముకుతాడు వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. బొమ్మల్లేవు, బటన్లు లేవు. ఉత్త అక్షరాల ఫైలు. ఒక్కో పనికి ఒక్కో వరుస, దాని పక్కన వారానికి ఎన్ని గంటలో హద్దు. పని మొదలుపెట్టేటప్పుడు ఒక మీట నొక్కాలి, ముగించాక ఇంకోటి. హద్దు దాటిందా, ఆ పని సోమవారం దాకా జాబితాలోంచి మాయం. ఎక్కువ వాడితే ఆ మేరకు వచ్చే వారాల్లో కోత. ఈ ఆఖరి నియమం మాత్రం నా సొంత బుర్రలో పుట్టింది.

ఆ ఫైల్లో ఒక వరుస ఇలా ఉండేది: ఉద్యమం, రెండు గంటలు.

ఇప్పుడు తలచుకుంటే నాలుక కరుచుకోవాలనిపిస్తుంది. ప్రత్యేక రాష్ట్రం కోసం పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. నేనేమో రిలే దీక్షా శిబిరంలో గడియారం చూసుకుంటూ కూర్చుని, గంటలు నిండగానే చాప దులిపి లేచేవాణ్ణి. "ఏంది సార్, అప్పుడే?" అని విద్యార్థులు అడిగితే, ఈ వారానికి నా ఉద్యమం అయిపోయిందని ఏ మొహంతో చెప్పను? కడుపులో నొప్పి అనేవాణ్ణి. పాపం, వాళ్లు మజ్జిగ తెచ్చిచ్చేవాళ్లు. నిరాహార దీక్షా శిబిరంలో మజ్జిగ తాగినవాణ్ణి నేనే.

దాని కింది వరుస: స్కూటర్ నేర్పడం, ఒక గంట.

ఇది మా ఆవిడ కోసం. మల్కాజ్‌గిరిలో ఒక చిన్న బడిలో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చేటట్టుంది. పెళ్లయ్యాక ఆమె కోరి వెతుక్కున్న మొదటి ఉద్యోగం. హెడ్‌మిస్ట్రెస్ షరతు ఒక్కటే పెట్టింది: "బస్సులు బందైనయి, ఆటో దొరకలేదు అని ఫోన్లు చేస్తే నడ్వది. సొంత బండి మీద వస్తనంటే బడి తెరిచిన్నాడు చేరు." బడి తెరవడానికి మూడు వారాలే గడువు. మా ఆవిడకు అప్పటికి సైకిల్ మాత్రం వచ్చు.

ఆ ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్‌లో స్కూటర్ వరుస మీద మీట నొక్కి, ఇద్దరం క్యాంపస్‌లోకి వెళ్లాం. బందుల రోజుల్లో ఆ రోడ్లంత ఖాళీ రోడ్లు ప్రపంచంలో ఎక్కడా ఉండవు. తార్నాకలో సగం మంది ఆడవాళ్లు బండి నేర్చుకున్నది ఉద్యమం పుణ్యమానే. పావుగంటలో ఆమెకు నేరుగా పోవడం వచ్చింది, ఎడమకు తిప్పడం వచ్చింది. కుడికి తిప్పబోయేంతలో చెట్టు కింద విద్యార్థుల గుంపు కనిపించింది. బిల్లు ఈసారి వస్తుందా రాదా అని వాదన. చాయ్ కూడా వచ్చింది.

"సార్, ఒక్క మాట చెప్పి పోండ్రి."

ఆ వారం ఉద్యమానికి రాసుకున్న నా రెండు గంటలూ అప్పటికే ఖర్చయిపోయాయి. అయితేనేం, నేను వచ్చింది స్కూటర్ పద్దు మీద కదా! దిగాను. ఒక్క మాట కాస్తా ఢిల్లీ దాకా పోయి, నైజాం కాలం మీదుగా తిరిగొచ్చి, రెండో చాయ్ దగ్గర ఆగింది. మా ఆవిడ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని బండి మీదే కూర్చుంది. అంతలో పోలీసులు దిగారు, బాష్పవాయువు వదిలారు. కళ్లు మండుతుంటే బండి తోసుకుంటూ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది.

మొహం కడుక్కుని చూస్తే, గడియారం స్కూటర్ వరుస మీదే తిరుగుతూ ఉంది. నాలుగు గంటలు! హద్దు మీద మూడు గంటలు ఎక్కువ, అంటే వారానికో గంట చొప్పున మూడు వారాలు కోత. లెక్క ప్రకారం బడి తెరిచేదాకా స్కూటర్ జాబితాలోకి రాదు. ఆ మాటే చెప్పాను.

"నేర్పింది పావుగంట. తక్కినదంత ఎవ్వరిది?" అంది.

"మనం బయల్దేరింది స్కూటర్ కోసమే కదా."

"గట్లనా? చాయ్ తాగింది నేనా? స్పీచ్ దంచింది నేనా? నా వంతుకొచ్చింది గ్యాస్ ఒక్కటే."

"నియమం అంటే నియమమే. ఒకసారి సడలిస్తే ఇంక దానికి విలువేముంటది?"

"మంచిది తియ్యుండ్రి."

అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. అరిచినా బాగుండేది. అది ఉత్త అక్షరాల ఫైలు. ఒక్క అంకె చెరిపి ఇంకో అంకె వేయడానికి తుమ్మినంత సేపు కూడా పట్టదు. వేయలేదు. పోనీ మిగిలిన గంటలు థీసిస్‌కు పోశానా? లేదు. ఆ ఫైలును ముస్తాబు చేయడానికి పోశాను. అయిన పనులకు పచ్చరంగు, కానివాటికి ఎరుపు. లోకంలోని పనులన్నిటికీ హద్దు గీసినవాణ్ణి, ఫైలు సర్దుకునే పనికి మాత్రం గీసుకోలేదు.

బడి తెరిచిన సోమవారం పొద్దున లేచేసరికి ఆమె లేదు, బండీ లేదు. బస్సులు ఆ వేళ బందు. లుంగీ మీదే చౌరస్తా దాకా పరిగెత్తాను. జాడ లేదు. ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి మోగింది.

"బడికొచ్చిన. చేర్చుకున్నరు. ఫ్రిజ్జుల పెరుగున్నది" అని పెట్టేసింది.

సాయంత్రం మా సందు మొదట్లో నిలబడ్డాను. దూరం నుంచి వస్తోంది, కర్రలా బిగుసుకుపోయి. మా సందు ఆమెకు కుడివైపు. తిరగలేదు. నన్ను చూస్తూనే నేరుగా వెళ్లిపోయింది. ఎంతో సేపటికి అవతలి వైపు నుంచి వచ్చి, ఎడమకు తిప్పి ఆపింది.

"అదేంది, గట్ల పోయినవ్?"

"కుడికి తిప్పుడు రాదు కదా. పొద్దుగాల కూడ గంతే, ఎడమలు పట్టుకుంట పోయిన. మల్కాజ్‌గిరి సుట్టూ ప్రదక్షిణ చేసినట్టయింది."

నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. లారీల మధ్య, ఆటోల మధ్య, సగం నేర్చిన చేతులతో ఆమె ఊరంతా ఎడమకు తిరిగింది.

"పా, ఇప్పుడే నేర్పుత. ఎన్ని గంటలైనా సరే."

"ఇయ్యాల సోమవారం కదా. మీ లిస్టుల నేనున్ననా?"

ఆమె పొద్దుటి నుంచీ మార్చని నా లుంగీనీ నా మొహాన్నీ చూసింది.

"ఎక్కుండ్రి ఎనకాల. ఇంత దూరం నేనే తోలిన, నేనే తోల్త. మీరు చెయ్యి సాపుండ్రి సాలు."

ఎక్కాను. చౌరస్తాలో కుడిచేయి బారుగా చాచాను. హారన్లు మోగాయి, ఎవడో తిట్టాడు. బండి వంకర్లు పోతూ మెల్లగా కుడికి తిరిగింది. ఆమె ఆపలేదు, ఇంకోసారి, మళ్లీ ఇంకోసారి తిప్పింది. భుజం పీకుతోంది. చెయ్యి మాత్రం దించలేదు.